సున్నం గీతల గది

కిందటి వారం మన టేపక్కని మండే ఎండలో, ఖాళీ స్థలం నడిబొడ్డున, చేతిలో సున్నం డబ్బాతో వదిలేసి వెళ్లిపోయాం. మీరు మీ పనుల్లో పడ్డారు, నేను నా పనుల్లో పడ్డాను. పాపం ఆమె మాత్రం అక్కడే నిలబడి ఉంది. ఎదురుగా పెద్ద టీచర్ గొడుగు మూసి, నేల మీది గీతల వైపు చూస్తున్నారు.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను, పాతవాళ్లు ఓపిక పట్టాలి. టేపక్క ఆర్కిటెక్ట్. పొద్దస్తమానం నడుముకి కొలత టేపు తగిలించుకుని తిరుగుతుందని బడిపిల్లలు పెట్టిన పేరది. ఇప్పుడు ఇంట్లోవాళ్లూ అలాగే పిలుస్తున్నారు. పాత బడి గోడలు బీటలు వారడంతో దాన్ని మూసేసి, పిల్లల్ని పక్క వీధిలో మూతపడిన ఫర్నిచర్ షోరూమ్‌లోకి మార్చారు. అద్దాల వెనక బెంచీలు, అమ్ముడుపోని సోఫాలో టీచర్లు, దారినపోయేవాళ్లు ఆగి ఎక్కాలు విని వెళ్లడం. కొత్త బడికి టేపక్క గీసిన ప్లాన్‌లో నడిమధ్య ఆకాశం కనబడే ఆవరణ ఉంది. దాని చుట్టూ గదులు, ప్రతి గదికీ రెండు వైపుల నుంచి వెలుతురు. కమిటీ ఛైర్మన్‌గారి దగ్గర ఇంకో ప్లాన్ ఉంది. ఎక్కడో ఎవరికో కట్టిన బడిది, రెడీమేడ్. మధ్యలో పొడవాటి వరండా, అటూ ఇటూ గదులు, పట్టపగలు లైటు వేస్తే గానీ పుస్తకం కనబడదు. కాకపోతే దానికి లెక్కలన్నీ ఎప్పుడో తేలిపోయాయి, దానికున్న అందం అదొక్కటే. ఇవాళ మధ్యాహ్నం జేసీబీ వస్తుంది. పెద్ద టీచర్ ఏ ప్లాన్‌కి సరే అంటే ఆ ప్లాన్‌కి పునాది తవ్వుతుంది. ఆ తర్వాత ఆ జేసీబీ ఇంకో చోటికి పోతుంది, వానలు వెళ్లేదాకా మళ్లీ దొరకదు.

ఇక పెద్ద టీచర్ సంగతి. ఆవిడ బడికి హెడ్మిస్ట్రెస్, టేపక్క వాళ్ల అక్కకి అత్తగారు. అంటే ఈ పనికి పునాదులూ కాలమ్‌లూ లెక్కగట్టే ఇంజినీరు బావకి కన్నతల్లి. ‘సైట్‌లో నేను నీ అమ్మని కాదు, మేడమ్‌ని’ అని మొదటి రోజే ఆర్డరు వేశారు. అప్పటి నుంచీ కన్నకొడుకు ఆవిడని మేడమ్ అంటున్నాడు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక కూడా ఒక్కోసారి నోరు జారి అలాగే పిలుస్తున్నాడు. తల్లికీ మరదలికీ మధ్య అతని బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. పొద్దున అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది: ‘నువ్వు గెలిచినా ఆవిడ గెలిచినా వంటింట్లో నలిగేది నేనే. కాస్త నెమ్మదిగా మాట్లాడవే.’

నెమ్మదిగా మాట్లాడాలనే టేపక్క అనుకుంది. అసలు తప్పు మాటలో జరగలేదు, సున్నంలో జరిగింది.

తవ్వేముందు ఏ గోడ ఎక్కడ వస్తుందో నేల మీద సున్నంతో గీసుకోవడం కట్టేవాళ్ల పద్ధతి. ఆ గీతల్ని కట్టించుకునేవాళ్లకి చూపించకపోవడం కూడా పద్ధతే. బావ నిన్ననే చెప్పాడు. “వద్దు మరదలా, గోడలు లేచేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వకూడదు. పైన ఆకాశం, చుట్టూ ఖాళీ నేల. అందులో ఎంత పెద్ద గది గీసినా కుక్కపిల్లకి కట్టినట్టే ఉంటుంది” అన్నాడు. టేపక్క నవ్వేసింది. “ఆవిడ లెక్కల టీచర్ బావా. కొలతలు చెప్తే చాలు” అంది. ఈ ధీమా ఉంది చూశారూ, చదువుకున్నవాళ్లని ముంచేది అదే.

పెద్ద టీచర్ గొడుగు కొనతో గీతని తాకి చూశారు.

“ఇదేనా ఒకటో తరగతి?”

“అవును మేడమ్. మొత్తం ఒక క్లాసు.”

“క్లాసు మొత్తమా? అమ్మాయ్, ఇది గదా, అగ్గిపెట్టా?”

పక్కన నిలబడ్డ మేస్త్రీ దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు. బావ చెవి మీది పెన్సిల్ తీసి, దాన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

“మేడమ్, మీకు చూపించిన ప్లాన్‌లో ఉన్న కొలతే ఇది. వేలెడు కూడా తగ్గలేదు” అంది టేపక్క.

“కాగితం మీద ఇంత ఇరుగ్గా లేదు.”

“కాగితం మీద ఈ గది అరచేయంత కూడా లేదు కదండీ!”

“నాకు వేళాకోళాలొద్దు. షోరూమ్‌లో పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుంటున్నారు. కొత్త బడి కడతానని చెప్పి నువ్వు వాళ్లని పెట్టెలో పెడతానంటున్నావు. మధ్యలో అంత జాగా ఆకాశానికి వదిలేసి, పిల్లలకి ఇది మిగిల్చావా? ఛైర్మన్‌గారి ప్లాన్ చీకటిదైతే అయింది, గదులు పెద్దవి.”

“ఆయన గదులు మన గదుల కన్నా చిన్నవి మేడమ్. కొలవనా?”

“నీ టేపు నువ్వే ఉంచుకో. నాకు కళ్లున్నాయి.”

ఆర్నెల్లుగా అణుచుకున్నదంతా ఒక్కసారి టేపక్క గొంతులోకి వచ్చింది. ఆ ప్లాన్ ఆమె సొంతంగా గీసిన మొదటి భవనం. అంతకుముందు ఎవరి పేరు మీదో, ఎవరి దుకాణాలకో మెట్లూ బాత్రూములూ గీసింది తప్ప, పిల్లలు పరిగెత్తే చోటు ఒక్కటీ గీయలేదు. ఈ బడి కోసం రాత్రీ పగలూ అని చూడలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు సున్నం డబ్బాని నేలకేసి కొట్టింది. తెల్లటి పొడి లేచి బావ ప్యాంటు మీద పడింది. ఆమె చంకలోని చుట్ట విప్పి, మేస్త్రీ కూర్చునే బెంచీ మీద ప్లాన్ పరిచింది.

“మూడు మీటింగుల్లో చూశారు. మూడుసార్లూ బాగుందన్నారు. ఇప్పుడు చూపించండి మేడమ్, ఈ గది ఇందులో ఎక్కడుందో మీరే చూపించండి. ఇందులో పెద్దగా ఉండి నేల మీద చిన్నగా ఎలా అయిందో నేనూ తెలుసుకుంటా.”

పెద్ద టీచర్ కళ్లజోడు సర్దుకున్నారు. వేలు చాచారు. వేలు కాగితం మీద ఒక చోట ఆగబోయి, ఆగకుండా ఇంకో చోటికి జరిగింది. అక్కణ్నించి మరో చోటికి. చివరికి గట్టిగా ఒక చోట ఆనింది.

“ఇదిగో.”

ఆవిడ వేలు మెట్ల మీద ఉంది.

 పక్క అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు వినబడింది.  బావ తల్లి మొహం చూశాడు, వేలు తప్పు చోట పడిందని ఆవిడకి తెలిసిపోయింది. టేపక్కకీ తెలిసిపోయింది, తెలిసిన క్షణంలోనే కోపమంతా ఎటో పోయింది. ఇన్ని నెలలుగా తను గీతలు ఎవరికి చూపిస్తోందో ఆమెకి అప్పుడే అర్థమైంది.

“అది మెట్లు కదూ?” అన్నారు పెద్ద టీచర్. గొంతు చిన్నదైపోయింది.

“అవునండీ.”

ఆవిడ కళ్లజోడు తీసి పైటచెంగుతో తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

“నాకు ఇవి చదవడం రాదమ్మాయ్. గీతలు కనబడతాయి, గది కనబడదు. మొదటి మీటింగులో ఛైర్మన్‌గారు తలూపారు, కమిటీలో ఉన్న డాక్టరుగారు తలూపారు. నేనొక్కదాన్నే అర్థం కాలేదంటే ఏం బాగుంటుంది? హెడ్మిస్ట్రెస్‌ని. నేనూ ఊపాను. ఒకసారి ఊపాక రెండోసారి ఎలా అడగను? ఇవాళ ఈ సున్నం చూశాక గానీ నువ్వేం కడుతున్నావో నాకు బుర్రకెక్కలేదు. ఎక్కేసరికి ఇంతే కనబడింది.”

కళ్లజోడు మళ్లీ పెట్టుకుని అన్నారు. “అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగండర్రా అని పొద్దున లేస్తే పిల్లల్ని చంపుకు తినేది నేనే.”

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో టేపక్కకి తెలియలేదు. మీటింగుల్లో ఆవిడ తలూపిన ప్రతిసారీ తను ఎంత సంబరపడిందో గుర్తొచ్చింది. అర్థమైందా అని ఒక్కసారైనా అడిగితే కదా! తన గీతలు అందరికీ గదుల్లా కనిపిస్తాయనే అనుకుంది. వెళ్లి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుంది.

“అత్తయ్యగారూ” అంది. సైట్‌లో ఆ పిలుపు నిషేధం, అయినా ఆవిడ ఏమీ అనలేదు. “అర్థం కాలేదని చెప్పింది మీరొక్కరే. మిగతావాళ్లు ఇంకా తలూపుతూనే ఉన్నారు.”

“నిజం” అన్నాడు బావ. “డాక్టరుగారు నిన్న నన్ను పక్కకి పిలిచి, మధ్యలో ఆ పెద్ద చతురస్రం ఈత కొలనా అని అడిగారు.”

పెద్ద టీచర్‌కి నవ్వొచ్చింది. ఆపుకున్నారు గానీ వచ్చిన మాట వాస్తవం.

“నాకో గంట ఇవ్వండి” అంది టేపక్క. “ఈ గదిని మీకు చూపిస్తాను. కాగితం మీద కాదు. బావా, మేస్త్రీగారి దగ్గర పరంజా కర్రలున్నాయా?”

“ఉన్నాయి. ఎందుకు?”

“గోడలు కట్టాలి.”

“జేసీబీ మధ్యాహ్నానికి వస్తుంది మరదలా!”

“అందుకే తొందరగా కట్టాలి, ఇంజినీరుగారూ.”

ఆమెకి అవసరం పడితే బావా, కోపమొస్తే ఇంజినీరుగారూ అని పిలుస్తుంది. ఒకే నిమిషంలో రెండూ వినబడ్డాయంటే నోరు మూసుకుని పని చేయడం మేలని బావకి తెలుసు. వెళ్లి కర్రలు మోశాడు.

గుడ్డలు షోరూమ్ నుంచి వచ్చాయి. సోఫాల మీద దుమ్ము పడకుండా కప్పే పొడవాటి తెల్ల దుప్పట్లు అక్కడ గుట్టలుగా ఉన్నాయి. బెంచీలూ అక్కణ్నించే వచ్చాయి, ఒకటో తరగతి పిల్లలు తలా ఒక కొస పట్టుకుని మోసుకొచ్చారు. వీధి దాటేటప్పుడు పెద్ద టీచర్ నడిరోడ్డు మీద గొడుగు అడ్డం పెట్టి నిలబడితే ఒక బస్సు, రెండు ఆటోలు, ఒక పెద్దమనిషి కారు బుద్ధిగా ఆగాయి. హారన్ కొట్టే ధైర్యం ఎవరూ చేయలేదు. ఆవిడ దగ్గర చదువుకోనివాళ్లకి కూడా ఆ గొడుగు చూస్తే చదువుకున్నట్టే అనిపిస్తుంది.

మేస్త్రీ మూలల్లో కర్రలు పాతాడు. వాటికి అడ్డకర్రలు కట్టి మూడు వైపులా దుప్పట్లు దింపారు, కిటికీలు వచ్చే చోట గుడ్డని మడిచి పిన్నులు గుచ్చారు. నాలుగో వైపు ఆవరణకి ఎదురుగా కాబట్టి సగం దాకానే గుడ్డ, మిగతాది తలుపు. చివరి దుప్పటి కిందికి జారేసరికి మేస్త్రీ రెండడుగులు వెనక్కి వేసి, “ఓర్నీ, ఇందాక ఇంత లేదే!” అన్నాడు.

నిజంగానే లేదు. గోడ లేనప్పుడు కంటికి వీధి చివర దాకా ఖాళీ కనబడుతుంది, ఆ ఖాళీ పక్కన గది చిన్నబోతుంది. గోడ అడ్డం రాగానే కన్ను అక్కడ ఆగుతుంది, గది తన సైజుకి తాను వస్తుంది. ఇందులో మాయ ఏమీ లేదు, అయినా చూసిన ప్రతిసారీ మాయలాగే ఉంటుంది. టేపక్క కూడా ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. తను గీసిన గదిలో తను నిలబడటం అదే మొదటిసారి.

బెంచీలు వేశారు. పిల్లలు కూర్చున్నారు. అందరూ కూర్చున్నాక కూడా వెనక వరసకీ గోడకీ మధ్య ఒక మనిషి చేతులు ఊపుకుంటూ నడిచేంత జాగా మిగిలింది. పెద్ద టీచర్ అక్కడ అటూ ఇటూ నడిచి చూశారు. మళ్లీ నడిచారు. ముందుకొచ్చి, కర్రకి ఆనించిన నల్లబల్ల దగ్గర సుద్దముక్క తీసుకుని తీసివేత లెక్క ఒకటి వేశారు.

అలవాటు ఊరుకోదు కదా! గది చూడటానికి వచ్చిన మనిషి పాఠంలో పడిపోయారు. “మూడులోంచి ఏడు పోతుందా?” అని అడిగారు. “పోదు టీచర్” అన్నారు పిల్లలు. షోరూమ్‌లో ఆవిడ గొంతు చించుకుంటేనే గానీ చివరి బెంచీకి వినబడదు, అద్దాలకి తగిలి మాటలన్నీ ముక్కలైపోతాయి. ఇక్కడ మామూలు గొంతుతో మాట్లాడుతున్నారు. అది గమనించి ఆవిడే ఒకసారి ఆగి చుట్టూ చూశారు.

“నా గొంతు బాగుందే ఇక్కడ” అన్నారు.

“గుడ్డ గోడలు కాబట్టి మేడమ్” అన్నాడు బావ బయట్నుంచి. “ఇటుక గోడ ఇంత మర్యాదగా ఉండదు.”

“సీలింగ్‌కి చప్పుడు పీల్చే పలకలు వేస్తున్నాం, ఇంతలా కాకపోయినా దగ్గరికి తెస్తాను” అంది టేపక్క. ఉన్నది ఉన్నట్టు చెప్పేయడం ఇవాళ ఆమెకి తేలిగ్గా ఉంది.

అప్పుడే రెండు జడల పిల్ల ఒకతి డస్టరు పట్టుకుని షోరూమ్ నుంచి ఆలస్యంగా వచ్చింది. తలుపు నల్లబల్ల పక్కనే ఉంది. ఆ పిల్ల గుడ్డ పక్కకి తీసి లోపలికి అడుగు పెట్టిందో లేదో, క్లాసంతా తలెత్తి చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల అక్కడే బిగుసుకుపోయింది. డస్టరు వెనక్కి దాచుకుంది, చెవులు ఎర్రబడ్డాయి. తన బెంచీ చివరి వరసలో ఉంది, అక్కడికి వెళ్లాలంటే అందరి ముందు నుంచీ నడవాలి.

ఆలస్యంగా వచ్చినవాళ్లని పెద్ద టీచర్ ఊరికే వదలరని ఊరంతా ఎరుగుదురు. పిల్లలు తిట్ల కోసం ఎదురుచూశారు. ఆవిడ సుద్దముక్క పట్టుకుని ఆ పిల్ల వైపు చాలాసేపు చూశారు. తర్వాత వెళ్లి భుజం మీద చెయ్యి వేసి చివరి బెంచీ దాకా తనే నడిపించుకెళ్లి కూర్చోబెట్టారు. వెనక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడి టేపక్కని పిలిచారు.

“అమ్మాయ్, ఈ తలుపు ఇక్కడెందుకు పెట్టావు?”

“ఈ మూల నీడలో ఉంటుంది మేడమ్. ఆవరణలోంచి నేరుగా రావచ్చని.”

“నీడ సంగతి సరే. ఆ పిల్ల మొహం చూశావా? పాత బడిలోనూ తలుపులన్నీ బల్ల పక్కనే ఉండేవి. నేను తిట్టేలోపే వాళ్లు చచ్చినంత పనయ్యేదని ఇన్నేళ్లూ నాకు తట్టలేదు. ఇవాళ ఆ పిల్లతో చివరి బెంచీ దాకా నడిస్తే గానీ తెలియలేదు. దీన్ని వెనక్కి పెట్టు. ఆలస్యమైన పిల్ల వెనక నుంచి వచ్చి గప్‌చుప్‌గా కూర్చోవాలి. తిట్టాలనుకుంటే ఆ తర్వాత నేను తిడతాను.”

టేపక్క వెనక మూలకి వెళ్లి చూసింది. ఎంతమంది గీసిన బళ్లు చూసింది, ఎన్ని పుస్తకాలు తిరగేసింది, ఈ సంగతి ఎక్కడా కనబడలేదు. కనబడనందుకు కాస్త సిగ్గేసింది, ఇప్పుడైనా కనబడినందుకు పట్టరాని సంతోషం వేసింది. చెప్పుతో నేల మీది తలుపు గుర్తు చెరిపేసి, కింద ఒలికిన సున్నం గుప్పెట్లోకి తీసుకుని వెనక మూల దగ్గర కొత్త గుర్తు గీసింది.

“మరదలా!” అని బావ పెట్టిన కేక స్థలం అవతలి అంచున ఉన్న బస్ డిపో గోడ దాకా వినబడింది. “అక్కడ నా కాలమ్ ఉంది!”

“జరుపు బావా.”

“జరపడానికి అదేమన్నా బీరువానా? ఈ కాలమ్ జరిగితే కింద పునాది గుంట జరగాలి. దీని నెత్తిన ఇంకా రెండంతస్తులున్నాయి, పక్కన ఇలాంటివే వరసగా ఉన్నాయి. ఏ గుంట ఎక్కడ పడాలో లెక్కలన్నీ మళ్లీ మొదలు.”

“ఎంత సేపు?”

“సేపా? రెండ్రోజులు!”

“ఇప్పుడు నాకు ప్లాన్ అర్థమైంది” అన్నారు పెద్ద టీచర్ తృప్తిగా, కొడుకు గోడు పట్టించుకోకుండా. “ఇక నేను ఊరుకోను సుమా. ఇంకా చాలా అడుగుతాను.”

ఆర్నెల్లలో ఒక్క మీటింగులోనూ టేపక్క ఈ మాట వినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సున్నం పడిందని చెప్పి తుడుచుకుంది. ఎవరూ నమ్మలేదు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఛైర్మన్‌గారి కారు ఆగింది, దాని వెనకే పసుపురంగు జేసీబీ గడగడలాడుతూ వచ్చింది. పిల్లలు లెక్కలు వదిలేసి గుడ్డ గోడల కిటికీల్లోంచి కేరింతలు కొట్టారు. ఛైర్మన్‌గారు చెడ్డమనిషేమీ కాదు. షోరూమ్ ఆయనదే. తన వ్యాపారం ఆపుకుని మరీ పిల్లలకి ఇచ్చారు, అది తిరిగి తెరవాలన్న తొందర మాత్రం ఉంది. చంకలో రెడీమేడ్ ప్లాన్ చుట్టతో దిగారు. దుప్పట్ల గదిని చూసి ఆగారు, లోపలికి తొంగిచూశారు, ఒక బెంచీ మీద కూర్చుని లేచారు కూడా.

“బాగుందే! సరే టీచరుగారూ, చెప్పండి. ఏది?”

“ఈ అమ్మాయిదే” అన్నారు పెద్ద టీచర్. “కొడుకూ, కోడలి చెల్లెలూ అని కాదు, చుట్టరికం చూసి అనడం లేదు. నేను ఈ గదిలో పాఠం చెప్పి చూశాను. తలుపు మాత్రం వెనక్కి జరుగుతోంది.”

“అయితే ఇంకేం! గీతలు గీసే ఉన్నాయి. తవ్వించేద్దాం.”

బావ గొంతు సవరించుకున్నాడు. “తలుపు జరిగితే కాలమ్ జరుగుతుంది సార్. గుంటల లెక్క మళ్లీ వేయాలి. రెండ్రోజులు కావాలి.”

ఛైర్మన్‌గారి మొహం మారింది. “రెండ్రోజులెక్కడివి బాబూ? ఈ బండి రాత్రికి వెళ్లిపోతుంది, వానలయ్యాక గానీ రాదు. అప్పటిదాకా పిల్లలు అద్దాల్లోనేనా? చూడమ్మా” అని టేపక్క వైపు తిరిగారు, గొంతులో కరుకుదనం లేదు, తేల్చేసిన ధోరణి మాత్రం ఉంది. “ఇవాళ తవ్వగలిగితే నీ ప్లానే. తవ్వలేకపోతే నా దగ్గర లెక్క తేలిన ప్లాన్ ఉంది, దానికి తవ్విస్తాను. బండిని ఖాళీగా పంపను.”

“దానికేముంది” అన్నారు పెద్ద టీచర్ గబుక్కున. “తలుపు ముందే ఉండనీ అమ్మాయ్. పాత లెక్క సిద్ధంగా ఉందిగా. దానికే తవ్వించు. నాదేముంది, ఇన్నాళ్లూ సర్దుకోలేదా? నీ బడి నీకు దక్కుతుంది.”

డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. “ఎక్కడ తవ్వాలమ్మా?”

అందరూ టేపక్క వైపే చూశారు. ఒక్క మాట అంటే చాలు. తన ఆవరణ, తన వెలుతురు, తన పేరు మీద మొదటి భవనం, అన్నీ ఆ మాటతో నేలలోకి దిగిపోతాయి. తలుపు ఒక్కటే తప్పు చోట ఉంటుంది, అదీ అన్ని గదుల్లోనూ, అన్ని అంతస్తుల్లోనూ, ఆ భవనం ఉన్నన్నాళ్లూ. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆమె కాళ్ల ముందు గొయ్యి ఇంకా తవ్వలేదంతే తేడా. చివరి బెంచీలో రెండు జడల పిల్ల బండిని చూడటానికి బెంచీ ఎక్కి నిలబడింది. టేపక్క ఆ పిల్లని చూసింది, తర్వాత బావని చూసింది.

“ఇంజిన్ ఆపేయండి” అంది డ్రైవర్‌తో.

బండి గురగురలాడి ఆగింది. “అమ్మాయ్!” అన్నారు పెద్ద టీచర్. ఛైర్మన్‌గారు నిట్టూర్చి తన చుట్ట విప్పబోయారు.

“ఒక్క నిమిషం సార్. బావా, ఇవాళ్టికి గుంటల చోటు తేలితే చాలు. ఎక్కడ తవ్వాలో, ఎంత తవ్వాలో, అంతే. పైన సంగతి తర్వాత చూద్దాం. అది ఎంత సేపు?”

బావ ఆకాశం వైపు చూశాడు, పెదాలు కదిలాయి. “సాయంత్రం దాకా.”

“సాయంత్రానికి మొదలుపెడితే రాత్రికి ఎంత తవ్వుతారు?” అన్నారు ఛైర్మన్‌గారు. ఆయన డ్రైవర్ వైపు చూశారు. డ్రైవర్ అప్పుడే క్యారేజీ తీసుకుని కిందికి దిగి, నీడ కోసం వెతుక్కుంటున్నాడు. “సరే. అతను అన్నం తిని లేచేదాకా టైమిస్తున్నా. ఆ తర్వాత ఎవరి లెక్క సిద్ధంగా ఉంటే వాళ్ల గుంట.”

బావ పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాడు. బెంచీ మీద ప్లాన్ బోర్లా తిప్పి, ఆ తెల్లటి వెనక వైపునే లెక్క మొదలెట్టాడు. టేపక్క టేపు విప్పి పరిగెత్తింది. ఆమె కొలతలు అరుస్తోంది, అతను రాస్తున్నాడు. మేస్త్రీ మేకులు పట్టుకుని వెనకే నడుస్తున్నాడు. ఇద్దరూ వేళాకోళం మర్చిపోయి అంత సేపు కలిసి పనిచేయడం వాళ్ల ఆఫీసులో కూడా ఎవరూ చూడలేదు.

డ్రైవర్ గేటు పక్కన గోడ నీడలో కూర్చుని మొదటి గిన్నె మూత తీశాడు. చూస్తే గబగబా తినే మనిషిలా ఉన్నాడు. పెద్ద టీచర్ ఒక నిమిషం అటు చూసి, ఒక చిన్న బెంచీ చేత్తో పట్టుకుని వెళ్లి అతని ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. గొడుగు విప్పి అతని మీదికి పట్టారు.

“నెమ్మదిగా తిను బాబూ. ముద్ద బాగా నమలాలి. ఏం చదివావు నువ్వు?”

డ్రైవర్‌కి పొలమారింది. బుద్ధిగా నమలడం మొదలుపెట్టాడు. లోపల పిల్లలు నవ్వు ఆపుకోలేక నోళ్లకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. టేపక్కకి కూడా నవ్వొచ్చింది. ఎలాగైనా ఈ బడి ఇక్కడ లేస్తుందని ఆ క్షణంలో గట్టిగా అనిపించింది.

సరిగ్గా అప్పుడే బావ పెన్సిల్ ఆగిపోయింది. అతను రాసింది పైనుంచి కిందిదాకా మళ్లీ చూసుకుని, తలెత్తి, జరిగిన వరసలో చివరి గుంట పడే చోటునీ దాని పక్కనే ఉన్న డిపో గోడనీ చూశాడు.

“మరదలా, ఒకసారి ఇటు రా” అన్నాడు. ఆ గొంతులో వేళాకోళం లేదు.

గోడ నీడలో డ్రైవర్ రెండో గిన్నె మూత తీశాడు.